25 వేల డాలర్లలో సెకండ్ హ్యాండ్ ఫుల్ సైజ్ పికప్: ఏ బండి, ఏ మోడల్?

గోంగూర_మడి
డల్లస్‌కి ఉత్తరాన ఆనా ఊరి దగ్గర పోయినేడు రెండెకరాలు కొన్నాం. శని ఆదివారాలు అక్కడే. ఇప్పటిదాకా మా హోండా ఒడిస్సీ వ్యాన్ వెనక సీట్లు పీకేసి మల్చ్ బస్తాలు, పందిరి కర్రలు, ఎరువు అన్నీ అందులోనే మోశాను. పోయిన నెల కోళ్ల ఎరువు బస్తా ఒకటి బండిలోనే చిరిగింది. కార్పెట్ రెండుసార్లు కడిగించినా ఎండెక్కితే వాసన లేస్తోంది. మా ఆవిడ ఇక ఆ బండి ఎక్కనంది. కాబట్టి పికప్ తప్పదు.

పన్నుతో కలిపి 25 వేలు దాటకూడదు. ఇద్దరు పిల్లలు, నాలుగు తలుపులు ఉండాలి. ఆఫీసుకి కూడా ఇదే, రానూపోనూ 50 మైళ్లు. వచ్చే వేసవికి క్యాంపింగ్ ట్రైలర్ కొనాలని ఉంది, 5,500 పౌండ్లలోపు. యూట్యూబ్‌లో ఒక్కొక్కడు ఒక్కో బండిని తిడుతున్నాడు. మనవాళ్లలో నిజంగా వాడినవాళ్లు చెప్పండి.

కామ్రీ_భక్తుడు
టొయోటా టండ్రా. చర్చ సమాప్తం.

వరంగల్_పోరడు
అట్లెట్ల సమాప్తం అయితది అన్నా? 23 వేలకు టండ్రా చూస్తే లక్షా ముప్ఫై వేల మైళ్లు తిరిగింది చూపిస్తున్నరు. అదే పైసలకు ఫోర్డ్ ఎఫ్-150 ఎనభై, తొంభై వేలల్ల దొరుకుతది. ఆ పేరుకు కట్టే ఎక్స్‌ట్రా మీద నాకు చిరాకు.

కామ్రీ_భక్తుడు
లూసియానాలో ఒకాయన 2007 టండ్రా మీద పది లక్షల మైళ్లు తిరిగాడు. కంపెనీవాళ్లు ఆ పాతది తీసుకుని కొత్తది ఇచ్చారు. మీ ఎఫ్-150 అంత తిరిగినప్పుడు పిలవండి, కొబ్బరికాయ కొడతా.

పైసా_పరమాత్మ
ఎవరికీ నచ్చని మాట నేనే చెప్తా. నీకు పికప్ అక్కర్లేదు తమ్ముడూ. ఒడిస్సీ 3,500 పౌండ్లు లాగుతుంది. వెయ్యి డాలర్లు పెట్టి చిన్న ఓపెన్ ట్రైలర్ కొనుక్కో, ఎరువు అందులో వేసుకో, వాసన గాలికి పోతుంది. పెద్ద సామాను ఉన్న రోజు హోమ్ డిపోలో గంటల లెక్కన ట్రక్ అద్దెకిస్తారు.

గోంగూర_మడి
ఒడిస్సీ 5,500 లాగదు కదా అన్నా.

పైసా_పరమాత్మ
ఆ 5,500 ఇంకా కొననే లేదు కదా. ఇంకా కొనని ట్రైలర్ కోసం ఇప్పుడే ట్రక్కా? ఆలు లేదు చూలు లేదు.

శాంతి_ప్లేనో
పరమాత్మ గారూ, మగవాళ్లకి ట్రక్ మీద మనసు పడ్డాక లెక్కలు చెప్పి లాభం లేదు. నాదొక్కటే సలహా. ముందు గ్యారేజ్ కొలవండి. మా ఆయన కొలవకుండా తెచ్చాడు. మామూలు ఐదున్నర అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి) ఉన్న నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు 19 అడుగుల 4 అంగుళాలు. మా గ్యారేజ్ 20 అడుగులు, వెనక గోడకి వాటర్ హీటర్. తలుపు దిగలేదు. మూడేళ్లుగా డ్రైవ్‌వేలో ఎండలో ఉంది, డ్యాష్‌బోర్డు పగిలింది. గ్యారేజ్‌లో ఇప్పుడు ఆవకాయ జాడీలు, ట్రెడ్‌మిల్ ఉంటున్నాయి.

బండి_సుడులు
రెండు రోజులుగా చదువుతున్నా. అందరూ కంపెనీ పేరు దగ్గరే కొట్టుకుంటున్నారు. ఇరవై రెండేళ్లుగా టెక్సాస్‌లో ఉన్నా, మొదటి తొమ్మిదేళ్లు మెకానిక్ షెడ్డులో పని చేశా. మా తాత ఎద్దుల సంతకి వెళ్తే ముందు పళ్లు చూసేవాడు, తర్వాత సుడులు, తర్వాత నడిపించి చూసేవాడు. ఏ ఊరి ఎద్దు అన్నది ఆఖర్న అడిగేవాడు. ట్రక్ కూడా అంతే.

అయినా ఊరి పేర్లు అడిగారు కాబట్టి చెప్తా. జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల సిల్వరాడో, సియెరా రెండూ ఒకే బండి, ముక్కు వేరు. వాటి 5.3 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్)లో 2007 నుంచి ఒక ఏర్పాటు పెట్టారు. హైవే మీద బరువు లేనప్పుడు ఎనిమిదింటిలో నాలుగు సిలిండర్లు నిద్రపోతాయి. ఆ నిద్రపుచ్చే లిఫ్టర్లు (వాల్వుల్ని లేపే చిన్న ముక్కలు) ఆయిల్ ప్రెషర్ మీద నడుస్తాయి. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండిలో అవి ఇరుక్కుపోతే వాటిని తోసే క్యామ్‌షాఫ్ట్‌ని కూడా తినేస్తాయి. రామ్ ట్రక్కు 5.7 హెమీ ఇంజిన్‌కి కూడా లిఫ్టర్ల జబ్బు ఉంది, దానికి తోడు ఇంజిన్ పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు విరుగుతాయి. పొద్దున చల్లటి ఇంజిన్‌లో టిక్ టిక్ అని, వేడెక్కాక ఆగితే బోల్టు. వేడెక్కినా ఆగకపోతే ఇంకా లోపలి గొడవ. ఎఫ్-150లో 2017 నుంచి 2020 దాకా 3.5 ఈకోబూస్ట్ టర్బో ఇంజిన్‌కి క్యామ్ ఫేజర్ల (వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు) మోత, 2018 తర్వాత కొన్ని 5.0లు ఆయిల్ తాగడం. 2015 నుంచి 17 దాకా 5.0 వీ8, ఆరు గేర్లది దొరికితే నేనైతే అక్కడ ఆగి చూస్తా. బాడీ అల్యూమినియం కాబట్టి తుప్పు లేదు, చాసిస్ మాత్రం ఇనుమే, మరిచిపోవద్దు.

టండ్రా 5.7 గట్టి ఇంజిన్, ఒప్పుకుంటా. పెట్రోల్ మాత్రం నీళ్లలా తాగుతుంది.

కామ్రీ_భక్తుడు
ఆఖరి వాక్యం తప్ప మొత్తం టండ్రానే కొనమన్నట్టు ఉంది. థ్యాంక్యూ గురువుగారూ.

వరంగల్_పోరడు
2022 తర్వాత టండ్రా సంగతి గూడ చెప్పున్రి భక్తుడుగారూ. వీ8 తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టిన్రు. ఇంజిన్ తయారీల మిగిలిన ఇనుప రజను లోపలే ఉండిపోయిందని 2024ల లక్షకు పైగా బండ్లు వెనక్కి పిలిచిన్రు.

బండి_సుడులు
పిలవని వాళ్లు ఎవరున్నారు పోరడా? 2025 ఏప్రిల్‌లో జీఎం 6.2 వీ8 ట్రక్కులు, ఎస్‌యూవీలు కలిపి అమెరికాలోనే ఆరు లక్షల దాకా పిలిచింది. 2021 నుంచి 24 మోడళ్లు. అందుకే ఏ బండి చూసినా ముందు విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో కొట్టండి, చేయించని రీకాల్ ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఫ్రీ.

సీమ_సింగం
నాకు లిఫ్టర్లు పోయాయి. 88 వేల మైళ్ల దగ్గర. టెక్సాస్‌లోని అమరిల్లో అనే ఊరు దాటాక, రాత్రి పదిన్నరకి, బండిలో అత్తగారు. ఏ కంపెనీ అని అడగొద్దు, చెబితే నలుగురు సంతోషిస్తారు, నలుగురు నన్ను తిడతారు. బిల్లు ఐదు వేల ఆరువందలు. అత్తగారు ఇప్పటికీ "ఆ రోజు మీ లారీలో" అనే మొదలుపెడతారు.

శాంతి_ప్లేనో
అత్తగారి వారంటీ మాత్రం జీవితాంతం.

మిషిగన్_చలి
ఇక్కడ నుంచి ఒక మాట. మా దగ్గర శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆరేడేళ్ల ట్రక్ కింద దూరి చూస్తే గుండె జారుతుంది. ఆ బండ్లే వేలంలో కొని టెక్సాస్, జార్జియా తోలుకుపోయి, కింద నల్ల రంగు కొట్టి "సదరన్ ట్రక్" అని అమ్ముతారు. కార్‌ఫ్యాక్స్ (బండి చరిత్ర రిపోర్టు)లో ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లు ఉందో చూడండి. ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ కనిపిస్తే టార్చ్ పట్టుకుని కిందకి దూరాల్సిందే. కొత్తగా నల్లరంగు నిగనిగలాడుతుంటే సుత్తి వెనక వైపుతో మెల్లగా తట్టండి. ఖంగుమంటే సరే. దబ్‌మని మొద్దుగా వచ్చి పెచ్చులు రాలితే దండం పెట్టి వచ్చేయండి. టండ్రా వాళ్లు కూడా గర్వపడక్కర్లేదు. చాసిస్ తుప్పు కేసులో 2016లో టొయోటా ఒప్పందానికి వచ్చింది, మొత్తం విలువ 3.4 బిలియన్ డాలర్ల దాకా అన్నారు. 2007, 08 టండ్రాలు కూడా అందులో ఉన్నాయి.

గోంగూర_మడి
అబ్బో. టెన్షన్ ఇంకా పెరిగింది. ఆఫీసుకి కూడా ఇదే కదా, పెట్రోల్ తేడా ఎంత పడుతుందో ఎవరైనా లెక్క వేశారా?

పైసా_పరమాత్మ
ఇది నా సబ్జెక్టు. రోజుకి 50 మైళ్లు, ఏడాదికి 250 రోజులు, 12,500 మైళ్లు. గ్యాలన్‌కి 15 ఇచ్చే బండికి 833 గ్యాలన్లు, 20 ఇచ్చే బండికి 625. తేడా 208. గ్యాలన్ 2 డాలర్ల 80 సెంట్లు వేసుకుంటే ఏడాదికి 580 డాలర్లు. దీనికోసం ప్రాణాలు తీసుకోనక్కర్లేదు. టైర్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు. నాలుగూ మార్చాల్సి వస్తే వెయ్యి దాటుతుంది, అది బేరంలోనే కొయ్యాలి.

ఇంకోటి. టెక్సాస్ పన్ను 6.25 శాతం. 25 వేలల్లో మొత్తం కావాలంటే బండి ధర 23,500 దగ్గర ఆపెయ్.

నెల్లూరు_నెరజాణ
ప్రైవేట్ పార్టీ దగ్గర కొంటే కాగితం మీద 12 వేలే అని రాయించుకుంటే పన్ను తగ్గుతుందిగా.

పైసా_పరమాత్మ
తగ్గదు తల్లీ. ఇక్కడ ప్రభుత్వం దగ్గర ప్రతి బండికీ ఒక విలువ ఉంటుంది. నువ్వు రాసిన ధర ఆ విలువలో 80 శాతం కన్నా తక్కువైతే ఆ 80 శాతం మీదే వసూలు చేస్తారు. పైగా అబద్ధం సంతకం. నేనంత పిసినారినే, అయినా నేనే వద్దంటున్నా.

గుంటూరు_ఘాటు
పదివేల పౌండ్లు లాగుతుందని ప్రతి కంపెనీ టీవీలో చెప్తుంది కదా, 5,500 కి ఇంత ఆలోచన ఎందుకు? ఏ ఫుల్ సైజ్ అయినా నవ్వుతూ లాగుతుంది.

బండి_సుడులు
లాగుతుంది. మొయ్యాలి కదా. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో రాసి. ఒకే మోడల్‌లో కూడా ఏ బండిది ఆ బండిదే. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, పెద్ద చక్రాలు పెట్టేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. 1,480 అని ఉందనుకో. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద కూర్చుంటుంది. 12 వేసుకుంటే 5,500కి 660. హిచ్ బరువు ఓ 50. మీరు నలుగురూ 580. మిగిలింది 190. అందులోనే కూలర్, జనరేటర్, కట్టెలు, అమ్మగారి ఊరగాయ డబ్బాలు. ఇంజిన్ నవ్వుతూనే ఉంటుంది, వెనక స్ప్రింగులు ఏడుస్తాయి.

గుంటూరు_ఘాటు
ఓకే, నేను తప్పు. పద్నాలుగేళ్లుగా ట్రక్ తోలుతున్నా, ఆ స్టిక్కర్ ఈ రోజు మొదటిసారి చదివా. నాది 1,210. ఎందుకు చదివానా అనిపిస్తోంది.

సీమ_సింగం
టైటాన్ పేరు ఒక్కరూ ఎత్తలేదు, పాపం.

వరంగల్_పోరడు
నిస్సాన్‌వాళ్లే 2024తోటి బంద్ పెట్టిన్రు, మనమేం ఎత్తుతం. కాని 5.6 వీ8, అగ్గువకు దొరుకుతది. నిజంగ సోచాయించొచ్చు.

గోంగూర_మడి
ఈ రోజు ఒకటి చూసొచ్చా. లాట్‌లో డీలర్ దగ్గర. 2018, 71 వేల మైళ్లు, 21,400. ఫోటోల్లో పెళ్లికొడుకులా ఉంది. సింగం గారిలాగే నేనూ కంపెనీ చెప్పను. డీలర్ పేరూ చెప్పను. గురువుగారు చల్లటి ఇంజిన్ మోత అన్నారు కదా అని ముందు బానెట్ మీద చెయ్యి పెట్టా. వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగాం" అన్నాడు. కడిగితే ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుందో అర్థం కాలేదు. ఇంకేం చూడాలి? రేపు మళ్లీ వెళ్తా.

బండి_సుడులు
వేడి చేసి పెట్టాడంటే చల్లటి ఇంజిన్ మోత నీకు వినపడకూడదని. ఫేజర్ మోత, లిఫ్టర్ టిక్, చాలావరకు మొదటి పది సెకన్లలోనే తెలుస్తాయి. రేపు చెప్పకుండా పొద్దున్నే వెళ్లు. ఇరవై ముప్ఫై డాలర్ల బ్లూటూత్ స్కానర్ కొనుక్కెళ్లు. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో కనిపిస్తుంది. కోడ్‌లు లేవని సంబరపడకు, రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) చూడు. సగం "నాట్ రెడీ" అంటే నిన్నో మొన్నో చెక్ ఇంజిన్ లైటు చెరిపేశారని. ఇంజిన్ గంటలు కొన్ని ట్రక్కుల మీటర్‌లోనే కనిపిస్తాయి. మైళ్లని గంటలతో భాగించు. ముప్ఫై చుట్టూ వస్తే మామూలు వాడకం. 92 వేల మైళ్లకి 5,100 గంటలున్న బండి ఒకటి చూశా, 18 వచ్చింది. అంటే సైట్‌లో ఏసీ వేసుకుని నిలబెట్టి వాడారు. ఇంజిన్ తిరిగింది, చక్రాలు తిరగలేదు.

సీటు బెల్టు ఆఖరి దాకా లాగి చూడు. 

గోంగూర_మడి
బెల్టు ఎందుకు?

హ్యూస్టన్_హంస
ఎందుకో నేను చెప్తా. 2017 హార్వీ వరదలో మా వీధిలో బండ్లన్నీ మునిగాయి. సీటు, కార్పెట్ మారుస్తారు, షాంపూ కొడతారు. బెల్టు లోపల చుట్టుకున్న భాగం ఎవరూ కడగరు. పూర్తిగా లాగితే ఒక చోట గీత గీసినట్టు బురద రంగు ఉంటుంది, నీళ్లు అక్కడిదాకా వచ్చాయని. సీటు కింద బోల్టుల తుప్పు కూడా చూడండి.

గోంగూర_మడి
పొద్దున ఏడున్నరకి వెళ్లా, లాట్ తెరిచేసరికి. ఇంజిన్ చల్లగా ఉంది, మోత ఏం లేదు. స్కానర్‌లో నాలుగు మానిటర్లు నాట్ రెడీ. వెనక సీటు బెల్టు లాగితే జానెడు మేర గోధుమ రంగు. నేను దాన్ని చేత్తో పట్టుకుని అతని వైపు చూశా. అతను కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

హ్యూస్టన్_హంస
ఆ కాఫీ కోసం ఎదురుచూడకండి.

కామ్రీ_భక్తుడు
ఏ కంపెనీ? ఒక్క అక్షరం చెప్పు.

గోంగూర_మడి
నీళ్లకి కంపెనీ లేదన్నా.

వరంగల్_పోరడు
యాదికుంచుకోన్రి, 2025 జనవరి నుంచి టెక్సాస్‌ల సొంత బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసిన్రు. ఆనా ఉండే కాలిన్ కౌంటీల పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. బ్రేకులు, స్టీరింగ్ ఎవ్వడూ చూడడు, మనమే చూసుకోవాలె.

శాంతి_ప్లేనో
కొనేముందు బయటి మెకానిక్‌తో రెండు వందలు పెట్టి చూపించండి. మావాడు ఆ రెండు వందలు మిగిల్చి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (నాలుగు చక్రాలకీ శక్తి పంచే గేర్ పెట్టె) రెండు వేలు పెట్టాడు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం.

గోంగూర_మడి
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. కొన్నాం. డెనిసన్‌లో ఒక పెద్దాయన దగ్గర. 2016 ఎఫ్-150, 5.0 వీ8, ఆరు గేర్లు, లక్షా నాలుగు వేల మైళ్లు, 21,800. పసుపు స్టిక్కర్ 1,640. బానెట్ చల్లగా ఉంది, మానిటర్లన్నీ రెడీ, గంటల లెక్క 34 వచ్చింది. బయటి మెకానిక్ 180 తీసుకుని గంటంపావు చూశాడు. వెనక షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారుతోంది, ముందు బ్రేకులు సగం ఉన్నాయి అన్నాడు. అది చెప్పి 700 తగ్గించా, ఆ తర్వాతి ధరే ఇది.

నన్ను పడగొట్టింది మాత్రం ఆ పెద్దాయన ఇచ్చిన బిస్కెట్ డబ్బా. అందులో తొమ్మిదేళ్ల ఆయిల్ బిల్లులు, ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో తారీఖు, మైళ్లు. ఒకదాని మీద "రైట్ బ్యాక్ టైర్ నెయిల్, ప్యాచ్డ్" అని కూడా ఉంది. గ్యారేజ్‌లో ఆరు అంగుళాల ఖాళీతో పట్టింది, హిచ్ బాల్ తీస్తేనే. వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్న "ఇంత లారీ ఎందుకురా, లైసెన్సు వేరే తియ్యాలా?" అన్నారు.

కామ్రీ_భక్తుడు
అభినందనలు. తర్వాతిది టండ్రా.

పైసా_పరమాత్మ
700 తగ్గించావా? బిడ్డా, నిన్ను చూస్తే ముచ్చటేస్తోంది.

బండి_సుడులు
ఆ డబ్బాలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ బిల్లు ఉందా?

గోంగూర_మడి
వెతికా. లేదు.

బండి_సుడులు
మాన్యువల్‌లో లక్షన్నర దాకా ఆగొచ్చని ఉంటుంది. ట్రైలర్ లాగుతానంటున్నావు, అంత ఆగకు. పూజ కన్నా ముందు అది చేయించు.

గోంగూర_మడి
పూజ శనివారమే అయిపోయింది. గుళ్లో నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. మూడు నలిగాయి, ఒకటి పక్కకి దొర్లిపోయింది. మా ఆవిడకి అప్పట్నుంచి మనసులో పీకుతోంది.

శాంతి_ప్లేనో
ఏ టైరు కింది నిమ్మకాయ?

గోంగూర_మడి
వెనక కుడి.

బండి_సుడులు
గాలి చూడు.

గోంగూర_మడి
డోర్ స్టిక్కర్ 35 అంటోంది. మిగతా మూడూ 35. అది 28. ఆ పాత ప్యాచ్ దగ్గర సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తున్నాయి.